తప్పు ముడిది కాదు

పోయిన గురువారం మా పందిరి మేస్త్రి కన్నుమూశాడు. ఆ కబురు ఆయన అల్లుడు తెచ్చాడు. అప్పుడు నేను పని దగ్గర ఇసుక జల్లెడ పట్టిస్తున్నాను. అతను సైకిలు దిగి, స్టాండైనా వెయ్యకుండా గోడకు ఆనించి, "మామ పోయినాడు సామీ. పొద్దున లేపితే లెయ్యలా" అన్నాడు. నేనేదో అడగబోతుంటే, "అందరికన్నా ముందు మీకు చెప్పి రమ్మనింది అత్త" అన్నాడు. మనిషి పోయాడన్న మాటకు నిలబడగలిగాను గానీ ఈ రెండో మాటకు ఇసుక కుప్ప మీదే కూర్చుండిపోయాను.

ఆ ఇంట్లో నేను చాలా మంచివాణ్ణి. పదేళ్లుగా మంచివాణ్ణి. పోయినవాళ్లను తలుచుకుంటూ రాసేటప్పుడు వాళ్ల మంచి నాలుగు మాటల్లో చెప్పడం మర్యాద. ఆయన మంచి చెబుతాను. కానీ నా చెడు చెప్పకుండా ఆయన మంచి చెప్పడం కుదరదు. చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

పందిరి మేస్త్రి అంటే పెళ్లిపందిళ్లు వేసేవాడనుకుంటారేమో. కాదు. మా కోస్తాలో కట్టుబడి పనులకు ఈశాన్యపు వానలు పెద్ద శత్రువు. ఆశ్వయుజం దాటిందంటే సముద్రం మీదనుంచి ఎప్పుడు ఏ జల్లు వచ్చిపడుతుందో తెలియదు. సున్నం, సిమెంటు ఆరకముందే వాన తగిలితే చేసిన పనంతా మట్టి. అందుకని కడుతున్న కట్టడం మీద సరుగుడు గుంజలతో చట్రం నిలబెట్టి, పైన తాటాకు కప్పి, చుట్టూ తడికలు కట్టి, ఆ నీడన పని చేయించేవాళ్లం. కట్టడం పూర్తయిన రోజున పందిరి విప్పేస్తారు. అలా ఆయన ముప్పై నలభై ఏళ్లు చేసిన పనిలో ఈ జిల్లా మొత్తం మీద ఒక్క గుంజ కూడా మిగల్లేదు. గోడలు కట్టిన మేస్త్రీలు వాళ్ల గోడలు చూపించుకుంటారు. ఈయన చూపించుకోవడానికి ఉన్నది తన ముడి ఒక్కటే. దాన్ని కూడా నేను తీసేసుకున్నాను.

నేను ఆయన్ను మొదట చూసింది కృష్ణపట్నానికి ఉత్తరంగా ఒక ఉప్పు గోదాము కడుతున్నప్పుడు. నాకు ఇరవైనాలుగేళ్లు. మాది సంగం దగ్గర వరి పండించుకునే ఇల్లు. పెన్న వరద తెలుసు గానీ సముద్రపు గాలి తెలియదు. ఓవర్సీరుగా అదే నా మొదటి పని. పెద్దమనిషి ఒకాయన, నడుముకు కొబ్బరితాడు చుట్టుకుని, నోట్లో పొగాకు కాడ పెట్టుకుని వచ్చి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా గుప్పెడు ఇసుక తీసి పైకి విసిరి, అది ఎటు పోతుందో చూశాడు. నాలుగు మూలలా నాలుగుసార్లు విసిరాడు. చివరి గుప్పెడు నా చొక్కా మీద పడింది.

"ఏం చేస్తున్నావు పెద్దాయనా?" అన్నాను కాస్త కటువుగానే.

"ఇంటికొచ్చే సుట్టం ఏ తలుపుగుండా వస్తాడో సూసుకుంటా ఉండా సామీ" అన్నాడు. తర్వాత నా చొక్కా మీది ఇసుక తనే దులిపాడు.

వాళ్లది చేపలు పట్టే ఇల్లు. తండ్రి, అన్నదమ్ములు అందరూ సముద్రం మీదే బతికారు. ఈయన ఒక్కడే గట్టున ఉండిపోయి పందిళ్లలో పడ్డాడు. కానీ పడవ బుద్ధి పోలేదు. పడవలో తెరచాప తాడును ఎన్నడూ బిగించి కట్టరట. ఒక్క గుంజుతో ఊడే జారుముడి వేసి ఉంచుతారట. గాలి అడ్డం తిరిగితే చాప వదిలేస్తారు, పడవ నిలుస్తుంది. బిగించి కట్టినవాడి పడవ బోర్లాపడుతుంది. ఈయన ఆ పద్ధతినే పందిట్లోకి తెచ్చాడు. సముద్రం వైపు తడికలన్నిటినీ పై వాసానికి జారుముళ్లతో కట్టేవాడు. ఆ ముళ్ల కొసలన్నీ ఒకే తాడులో కలిసి, ఆ తాడు కింద మనిషి చేతికి అందేలా వేలాడేది. దాన్ని విడుపుతాడు అనేవాడు. గాలి ముదిరితే విడుపుతాడు ఒక్కసారి గుంజడమే. తడికలు వరసగా రాలిపోతాయి, గాలి ఇటునుంచి వచ్చి అటు పోతుంది, కప్పు, గుంజలు, మనుషులు క్షేమంగా ఉంటారు.

"ఇది తడికనుకోబాకండి సామీ, తెరచాప. ఎత్తే ముందే దించేది ఎట్టో సూసుకోవాల" అని నాకు మొదటి రోజే చెప్పాడు.

ఇంకో కట్టడి కూడా ఉండేది. పనివాళ్లు నిలబడి పనిచేసే కర్రల చట్రాన్ని మా వైపు సారవ అంటాం. ఆ సారవకూ పందిరికీ ఒక్క తాడు కూడా కలవనిచ్చేవాడు కాదు. "ఆ రెండిటికీ పెళ్లి చెయ్యబాకండి. ఒకటి పోతే రెండోది సహగమనం చేస్తాది" అనేవాడు. కూలీ ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఒకామె, "మరి నువ్వు పోతే మీ ఇంటామె?" అని అడిగితే, "దానికి నా మీద అంత ఇది లేదులే" అన్నాడు. ఆ ఇంటామె అప్పుడే గంజి తెచ్చి వెనక నిలబడి ఉంది. ఆ పూట ఆయనకు గంజిలోకి ఉప్పుచేప ముక్క దొరకలేదని పనిలో అందరికీ తెలిసింది.

పందిట్లో బీడీ వెలిగించినవాణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించేవాడు, వాడు కాంట్రాక్టరు బావమరిదైనా సరే. తాటాకు కింద నిప్పు పుడితే పారిపోవడానికి రెండు దోవలు ఉండాలని రెండు వైపులా తలుపులు వదిలేవాడు. తాటాకు చాలనిచోట కప్పిన టార్పాలిను మీద నీళ్లు నిలిచి బొజ్జలా వేలాడితే, దాని కింద ఎవర్నీ నిలబడనివ్వక, బయటనుంచి వెదురుకర్రతో పొడిచి దొర్లించేవాడు. తాడు ఎవరైనా దాటితే తిట్టేవాడు. పందిరి విప్పేటప్పుడు ప్రతి ముడినీ చేత్తో విప్పేవాడు. తాడు కొయ్యడం చేతగానివాడి పని అనేవాడు. ఇవన్నీ నాకు అప్పట్లో పెద్దవాళ్ల చాదస్తంగా కనిపించాయి. కొన్ని నచ్చాయి కూడా. కానీ ఒకటి మాత్రం నన్ను కాల్చుకు తినేది. ప్రతి పొద్దునా పని మొదలుపెట్టకముందు విడుపుతాడు గుంజి, తడికలన్నీ పడ్డాయని చూసుకుని, మళ్లీ ఎక్కి కట్టుకునేవాడు. దానికి అరపూటలో సగం పోయేది. అదీగాక కాస్త గాలి లేస్తే చాలు, గుంజేవాడు. తడికలు పడేవి, జల్లు లోపలికి కొట్టేది, పని ఆగేది. సిమెంటు పర్మిట్ల మీద దొరికే రోజులవి. ఒక్క మూట తడిస్తే పైవాళ్లకు సంజాయిషీ రాసుకోవలసింది నేను.

ఆ కార్తీకంలో గోదాము కప్పుకు కాంక్రీటు పోయడం మొదలుపెట్టాం. కప్పు పోయడం మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు పడి, ముందుముందు అక్కడే నీళ్లు దిగుతాయి. పొద్దున్నుంచి సగం పోశాం. మధ్యాహ్నానికి తూర్పున మబ్బు పట్టింది. మర్నాడు ఇంజనీరు గారు చూడ్డానికి వస్తున్నారు. మేస్త్రి ఆకాశం వంక చూస్తూ, "ఈ పూటకు ఆపేస్తే మేలు సామీ" అన్నాడు. నేను వినలేదు. సరే, అన్నం తిని వచ్చి తాడు దగ్గరే కూర్చుంటానని వెళ్లాడు. కాంక్రీటు బిగిసేలోగా రమ్మంటే పనివాళ్లందరూ గబగబా అన్నాలకు పోయారు.

నేను ఒక్కణ్ణే మిగిలాను. కడ్డీలు కట్టే ఇనపతీగ చుట్ట ఒకటి, పటకారు ఒకటి తీసుకుని సారవ ఎక్కాను. సముద్రం వైపు వాసం పొడుగునా, తడికను, వాసాన్ని, ముడిని కలిపి తీగ చుట్టి మెలిపెట్టాను. పన్నెండు చోట్ల. ఊగుతున్నాయని మూడు గుంజల్ని సారవకు కూడా బిగించాను. పైన తాటాకు జరిపి తీగ కనిపించకుండా కప్పాను. సాయంత్రం మేస్త్రి ఇంటికి వెళ్లాక విప్పేద్దామనుకున్నాను. ముందే ఎందుకు చెప్పలేదంటారా? చెబితే ఒప్పుకోడు. ఒప్పుకోకపోతే పదిమందిలో నా మాట పోతుంది. ఓవర్సీరుకు ఎదురు చెప్పాడన్న మాట రాకూడదు. ఇంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు. ఉంటే బాగుండునని చాలాసార్లు వెతుక్కున్నాను.

గాలి మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. మామూలుగా అది ముందు చిన్నచిన్నగా విసిరి తర్వాత పెరుగుతుంది. ఆ రోజు అలా కాదు, ఒక్కసారే వచ్చి తడికల మీద పడింది. మేస్త్రి తాడు ముట్టుకోకముందే పైన ఉన్నవాళ్లను పేరుపేరునా పిలిచి దించాడు. తట్టలు అక్కడే పడేసి రమ్మన్నాడు. చివరి ఆడమనిషి నేల మీద కాలు పెట్టాక విడుపుతాడు గుంజాడు. రాలేదు. మళ్లీ గుంజాడు. తాడుకు బరువంతా వేసి వేలాడాడు. వాసం మూలిగింది గానీ తడిక కదల్లేదు. మొత్తం పందిరి గాలి పోసుకుని ఉబ్బి, తనతో కట్టిన సారవను కూడా ఊపడం మొదలుపెట్టింది.

"ముడి పట్టేసిందే! ఎట్ట పట్టేసిందబ్బా?" అంటూ కొడవలి మొలలో దోపుకుని నిచ్చెన వైపు నడిచాడు.

"ఎక్కబాకు మేస్త్రీ!" అని అరిచాను.

ఆయన ఆగి వెనక్కు తిరిగాడు. "ఏం సామీ?"

అక్కడ ఉంది నా జీవితమంతా. ఆయన నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. తీగ కట్టానని ఒక్క మాట చెబితే చాలు. తీగను కొడవలి కొయ్యలేదని ఆయనకు తెలుసు, ఎక్కేవాడు కాదు. అందర్నీ దూరంగా లాక్కెళ్లి, పోతే పందిరి పోనీ అనేవాడు. నా చుట్టూ పాతికమంది ఉన్నారు.

"వానొస్తా ఉంది" అన్నాను.

ఆయన నవ్వాడు. "వానకు జడిసేవోడు పందిరి మేస్త్రి ఎందుకవతాడు?" అని ఎక్కాడు.

సగం ఎక్కాడో లేదో పందిరి లేచింది. సారవను వెంట తీసుకుని లేచింది. నిచ్చెన, గుంజలు, ఆయన కలిసి పడ్డారు. ప్రాణం పోలేదు. కుడి మోచెయ్యి మాత్రం ముక్కలైంది. బండి కట్టి నెల్లూరు ఆసుపత్రికి తీసుకెళ్లాం. దోవలో నొప్పికి మూలుగుతూనే, "అందరూ దిగినారు గదా?" అని అడిగాడు. దిగారన్నాను. రెండు నెలల తర్వాత కట్టు విప్పితే చెయ్యి వంకరగా అతుక్కుంది. వేళ్లు ముడుచుకోవు. ఆ చేత్తో మళ్లీ తాడు పట్టలేదు.

ఆయన్ను ఆసుపత్రిలో దించి నేను చేసిన మొదటి పని ఏమిటో చెబుతాను. పని దగ్గరికి తిరిగి వచ్చి, పడిపోయిన చట్రంలోంచి తీగముక్కలన్నీ కత్తిరించి ఏరి, సరుగుడు తోపు వెనక ఇసుకలో పూడ్చాను. ఇంజనీరు గారు వచ్చి అడిగితే, గాలి హెచ్చుగా ఉండటం చేతా, విడుపు ముడి జారకపోవటం చేతా పందిరి పడిపోయిందని కాగితం రాసి ఇచ్చాను. మాటకు మాట చూస్తే అందులో అబద్ధం లేదు. ఆయన చదివి, "పాతకాలం పద్ధతులోయ్ ఇవి. ఇకనుంచి గట్టిగా బిగించి కట్టించు" అన్నారు. సరేనన్నాను. ఆ తర్వాత మా పనుల్లో ఎక్కడా జారుముడి వెయ్యనివ్వలేదు.

తేలు కుట్టిన దొంగలా తిరిగాను కొన్నాళ్లు. తర్వాత మేస్త్రిని నేను ఎక్కడ పని చేయిస్తే అక్కడ కాపలాదారుగా పెట్టించాను. కూర్చుని తినే పని. నా అంతటి దయగలవాడు లేడని ఊరంతా అనుకుంది. చెయ్యి పోయినవాణ్ణి మరవకుండా పదేళ్లు కనిపెట్టుకున్నాడు, ఎవరు చేస్తారు ఈ రోజుల్లో, అని నా ఎదుటే అనేవాళ్లు. మేస్త్రి కూడా, "మీరు ధరమాత్ములు సామీ" అని ఎడమచెయ్యి ఎత్తి దణ్ణం పెట్టేవాడు. ఆ దణ్ణం నేను పుచ్చుకున్నాను.

కానీ ఆయన అడగడం మానలేదు. కోపంతో కాదు, అనుమానంతోనూ కాదు. చిక్కులెక్క కుదరని మనిషి అడిగినట్టు అడిగేవాడు. "సామీ, ఆ పొద్దు ముడి ఎందుకు జారలేదంటారు?" పొద్దున గుంజితే జారిన ముడి మధ్యాహ్నానికి ఎందుకు బిగిసింది? మొదటిసారి అడిగినప్పుడు, జల్లుకు తడిసి పీచు ఉబ్బి ఉంటుందిలే అన్నాను. వారం తర్వాత వచ్చాడు. కొబ్బరితాడు ఉప్పునీళ్లలో మూడు రోజులు నానబెట్టి, భార్య చేత కట్టించి, గుంజి చూశాడట. "జారింది సామీ" అన్నాడు. ఇంకోసారి, కొత్తతాడుకు గరుకెక్కువ కదా అన్నాను. కొత్తతాడు తెచ్చి చూశాడు. జారింది. తడిక బరువుకు ముడి నలిగి ఉంటుందన్నాను. తడికకు రాళ్లు కట్టి వేలాడదీసి చూశాడు. అదీ జారింది. నేను నోటికొచ్చిన ప్రతి అబద్ధాన్నీ ఆయన అలా ఇంటికి తీసుకెళ్లి, ఒంటిచేత్తో, కాలివేళ్లతో పరీక్ష పెట్టి, తిరిగి తెచ్చి నా ముందు పెట్టేవాడు.

ఒక ఏడాది అడగడం తగ్గించాడు. హమ్మయ్య అనుకున్నాను. ఒకనాడు గోడ నీడన కూర్చుని తనే అన్నాడు.

"అన్నీ సూసేసినా సామీ. తాడు కాదు, నీళ్లు కాదు, బరువు కాదు. ఇంక మిగిలింది నా చెయ్యే. పాడు చెయ్యి, ఆ పొద్దు తప్పు కట్టుంటాది. పాతికమంది కింద ఉండారు. ఎవురన్నా సచ్చుంటే?"

"అట్లా ఎందుకనుకుంటావు మేస్త్రీ" అన్నాను. అనడం వరకే.

అల్లుడు కూడా అదే పనిలోకి వచ్చాడు. ఆ ముడి నేర్పమని అడిగితే మేస్త్రి నేర్పలేదు. "నా ముడి నేర్చుకోబాకబ్బయ్యా, అది మనుసుల్ని పడేసే ముడి. అందరిమాదిరి బిగించి కట్టుకో" అన్నాడట. ఆ సంగతి అల్లుడే నాకు చెప్పాడు. ఇప్పుడు ఈ కోస్తాలో కట్టే ప్రతి పందిరీ బిగించి కట్టిందే. ఆ నీడన మనుషులు పని చేస్తున్నారు. వాళ్లలో నా పనివాళ్లూ ఉన్నారు. గాలి లేచినప్పుడల్లా నేను ఏదో వంక పెట్టి అందర్నీ కిందికి పిలుస్తాను. మా ఓవర్సీరు గారికి పనివాళ్లంటే ఎంత ప్రేమో అంటారు.

గురువారం పాడెకు నేనూ భుజం పట్టాను. అంతమందిలో నిజం చెప్పడానికి నోరు రాలేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మూడోనాడు మళ్లీ వెళ్లాను. ఇంటి ముందు మేస్త్రి భార్య, అల్లుడు ఇద్దరే ఉన్నారు. ఆమె నాకు పీట వేయించబోతే వద్దని నేల మీద కూర్చుని, తీగ సంగతి మొదటినుంచి చెప్పాను. ఏ పూట కట్టానో, ఎందుకు కట్టానో, ఆయన ఏం సామీ అని ఆగినప్పుడు నేనేమన్నానో, ఇసుకలో ఏం పూడ్చానో, ఏదీ మిగల్చలేదు.

అల్లుడు, "తీగ ముడి మీదగా పోయిందా, పక్కనా?" అని మాత్రం అడిగాడు.

"ముడి మీదగానే."

"అయితే జారదు" అన్నాడు. "ఏ ముడీ జారదు."

మేస్త్రి భార్య తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే నాకు కాస్త సులువయ్యేది. ఆమె మొహంలో కోపం కూడా లేదు. "మొన్న ఆదివారం గూడా అడిగినాడు సామీ. మిమ్మల్నిగాదు, నన్ను. ఎందుకు జారలేదే అని. ఈ మాట ఆదివారం చెప్పుంటే..." అని ఆపేసి, చేతులు నేలకు ఆనించి లేచి లోపలికి వెళ్లింది.

ఆయన పడుకుని ప్రాణం విడిచిన చోట ప్రమిదలో దీపం వెలుగుతోంది. తలుపు తీసే ఉంది కాబట్టి నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె దాని ముందు గొంతుక్కూర్చుంది. చివరి ఏడాది ఆయనకు చెవులు మందగించాయి. ఇంట్లో అందరూ గట్టిగా మాట్లాడేవాళ్లు. ఆమె అలాగే, వీధిలోకి వినబడేంత గట్టిగా చెప్పింది.

"ఇదో, వినబడతా ఉందా నీకు? నీ ముడి సరిగ్గానే కట్టినావంట. నీ చెయ్యి కాదంట. తీగె చుట్టినారంట దాని మీద."

ఆగి కాసేపు చూసింది. వినిపించలేదనుకుందేమో, దీపానికి ఇంకాస్త దగ్గరగా జరిగి, మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.